పరాయి ఊరు సొంత ఊరైన విధము: డాక్టర్ అఘోరనాథ ఛటోపాధ్యాయ గారి జీవితము

అబిడ్స్‌లోని సెయింట్ జార్జి దేవాలయములో ఆరాధన ముగించుకొని నాంపల్లి స్టేషను వైపు నడచి వెళ్ళువారు దారిలో గోల్డెన్ త్రెషోల్డ్ అను పాత భవనమును చూచియే యుందురు. అది సరోజినీ నాయుడు గారి ఇల్లని అందరమును ఎరుగుదుము. ఆ ఇంటి పెద్ద ఆమె తండ్రియైన అఘోరనాథ ఛటోపాధ్యాయ గారని ఎరిగినవారు కొద్దిమందియే. ఉద్యోగము కొరకు కొడుకును కోడలిని, కూతురును అల్లుని దూరదేశములకు సాగనంపిన కుటుంబములు నేడు మన సంఘములలో అనేకము. కావున ఒకనాడు ఉద్యోగము కొరకే ఈ నగరమునకు పరదేశులుగా వచ్చిన ఆ దంపతులను గూర్చి వ్రాయ పూనుకొంటిమి.

అఘోరనాథ గారిది తూర్పు బెంగాలులోని విక్రమపుర ప్రాంతము. బ్రహ్మసమాజికులు. ఎడింబరో విశ్వవిద్యాలయములో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టమును పొందిన తొలి భారతీయులుగా ప్రసిద్ధులు. ఆయన విద్య ముగియువరకు భార్య వరదసుందరీ దేవి గారు కలకత్తాలో కేశవచంద్ర సేన్ గారి ఆశ్రమములో నుండిరి. ఇన్నేండ్ల ఎడబాటు తరువాత వారి కాపురము కుదురుకొన్నది స్వస్థలమున గాదు, హైదరాబాదులో. నిజాము ప్రభుత్వము విద్యాభివృద్ధికై పిలువగా 1878లో వారిచ్చటికి వచ్చిరి.

ఆనాడు హైదరాబాదు నిజముగా వేరొక రాజ్యమే. నాణెము వేరు, తపాలా బిళ్ళ వేరు. దర్బారు భాష ఫారసీ. వీధిలో వినబడునవి ఉర్దూ, తెలుగు. నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారు పండ్రెండేండ్ల బాలుడు. పాలన సాలార్ జంగు గారి చేతిలో నుండెను. అబిడ్స్ అను పేరే ఈ పేటకు ఇంకను రాలేదు. తొలి కాన్పు పుట్టింట జరుగుట మన వాడుక. వరదసుందరీ దేవి గారి తొలి కాన్పు మాత్రము అయినవారికి దూరముగా, ఈ కొత్త ఊరిలోనే జరిగినది. 1879 ఫిబ్రవరి 13న సరోజిని జన్మించెను. దంపతులు తమలో తాము బెంగాలీ మాటలాడుకొన్నను, తల్లి బిడ్డతో ఎప్పుడును హిందూస్తానీలోనే మాటలాడెడిది. వచ్చిన ఊరి భాషను ఆ తల్లి బిడ్డకు ఉగ్గుపాలతోనే పోసినది.

తండ్రి హైదరాబాదు కళాశాలను తీర్చిదిద్దిరి. అదియే 1887లో మదర్సా ఎ ఆలియాతో కలిసి నిజాం కళాశాల ఆయెను. అయితే ఆయన జీతము తీసుకొని తన పని తాను చూచుకొనువారు కారు. 1883 ఫిబ్రవరిలో సాలార్ జంగు గారు మరణించిరి. చాందా వరకు రైలుమార్గమును పొడిగించుటకై ఒక ఆంగ్ల కంపెనీతో ఒడంబడిక సాగుచుండగా, రాజ్యపు ఖజానాపై పడు భారమెంతయో ప్రజలకు తెలుపవలెనని ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలగువారితో కలిసి అఘోరనాథ గారు నిలదీసిరి. ఫలితముగా 1883 మే నెలలో ఉద్యోగము పోయెను. రాజ్యము విడిచి పొమ్మని ఆజ్ఞ వచ్చెను. అప్పటికి సరోజినికి నాలుగేండ్లు, తమ్ముడు వీరేంద్రునికి మూడేండ్లైనను నిండలేదు.

పరాయివానికి ఈ గొడవ ఏలయని ఆనాడు కొందరైనను అనుకొనియుందురు. వెళ్ళగొట్టిన ఊరిని మరల తొక్కనని ఆయన పంతము పట్టియుండవచ్చును. కాని కొన్నేండ్లకు పిలుపు రాగా తిరిగి వచ్చి, అదే విద్యాసేవలో కొనసాగిరి. ఆయన తోటలో అన్ని మతముల పండితులు, పేదలు, బంగారము చేయుదుమను రసవాదులు సైతము ప్రతిదినము చేరెడివారు. ఆ రసవాదముపై ఆయన ధనమును కొంత వ్యర్థము చేసిరనుటయు దాచనక్కరలేదు. 1898లో కుమార్తెను తెలుగువారైన డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారికిచ్చి మద్రాసులో వివాహము చేసిరి. ఆ వివాహమును జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులు గారు. అఘోరనాథ గారు 1915లో కలకత్తాలో కన్నుమూసిరి. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తన తొలి దినములను గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే గడిపినది.

దూరదేశములనుండి మన పిల్లలు తొలి వారములలో వ్రాయు మాటలు మనకు తెలియును: ఇచ్చట ఎవరును మనవారు కారు అని. వారికి మేము చెప్పగలది ఒక్కటే. ఊరి భాషను ఇంటిలోనికి రానిచ్చి, ఊరి మేలుకీడులలో పాలుపొందిననాడు పరాయి ఊరు సొంత ఊరగును. అందుకు వెల చెల్లింపవలసి రావచ్చును. నాంపల్లి దారిలోని ఆ ఇంటివారు దానిని చెల్లించిరి.