ఒంటరి నావికుడు జాషువా స్లోకం

భూగోళాన్ని తెరచాప పడవపై ఒంటరిగా చుట్టివచ్చిన ప్రథమ మానవుడు జాషువా స్లోకం. సామాన్య విజ్ఞాన గ్రంథాలలో ఈ ఒక్క వాక్యమే కనిపిస్తుంది. కాని ఆ యాత్రకు పూర్వం ఆయనకు యాభై యేండ్ల బ్రతుకున్నదని, ఆయన కీర్తికాంక్షతో గాక, నిలువనీడ కరవై ఒక పాత పడవను ఇల్లుగా చేసికొన్నాడని ఆ వాక్యం చెప్పదు. నా దృష్టిలో ఆయన చరిత్రలో ప్రధానాంశం అదే.

స్లోకం 1844 ఫిబ్రవరి 20న కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియాలో జన్మించాడు. పదకొండుమంది సంతానంలో ఆయన ఐదవవాడు. తల్లి ఒక దీపస్తంభపు కాపరి కుమార్తె. తండ్రి బెస్తవారికి తోలు బూట్లు కుట్టి అమ్మేవాడు. పదేండ్ల వయస్సులోనే బడి మాన్పించి కుమారుని ఆ పనిలో కూర్చోబెట్టాడు. బాలుడు రహస్యంగా చెక్కుకొన్న చిన్న ఓడ బొమ్మను తండ్రి కోపంతో నేలకు కొట్టి పగులగొట్టాడట. పదునాల్గవ యేట ఇల్లు విడిచి చేపల పడవలో వంటవాడుగా చేరాడు. 1860లో తల్లి కన్నుమూసిన పిమ్మట సముద్రమే ఆయనకు స్వస్థలమైనది. పాతికేండ్లకే కప్తాను అయినాడు.

1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో వర్జీనియా వాకర్‌ను వివాహమాడాడు. ఆమె కాపురం ఓడలోనే సాగినది. ఏడుగురు బిడ్డలూ ఓడలపైననో, పరదేశపు రేవులలోనో పుట్టినవారే. వారిలో నలుగురే దక్కారు. 1884లో బ్యూనస్ ఐరిస్ రేవులో, తమ ఓడ అక్విడ్నెక్‌పై, ముప్పది నాలుగేండ్ల ప్రాయంలో ఆమె మరణించింది. ఆ తరువాత స్లోకంకు ఏ పనీ కలిసిరాలేదు. హెన్రియెట్టా అనే బంధువుల అమ్మాయిని 1886లో పెండ్లాడాడు. 1887 చివర బ్రెజిల్ తీరంలో అక్విడ్నెక్ ఇసుకమేటపై చిక్కి నాశనమైనది. చేతిలో చిల్లిగవ్వ లేదు. భార్యతో, ఇద్దరు కొడుకులతో అక్కడే 35 అడుగుల పడవ ఒకటి కట్టి, ఆ దేశంలో బానిసలు విముక్తులైన రోజున, 1888 మే 13న దానిని నీటిలోకి దింపాడు. అందువలన దానికి ‘లిబర్దాదె’, అనగా స్వేచ్ఛ, అని పేరిడి స్వదేశం చేరాడు. హెన్రియెట్టా మాత్రం మరల ఆయన వెంట సముద్రయానం చేయలేదు. ఆమెను తప్పుపట్టగలవారెవరు?

అప్పటికి ఆవిరి ఓడలు తెరచాప ఓడల అన్నం లాగివేసినవి. నలభై ఎనిమిదేండ్ల అనుభవశాలికి రేవులో కూలిపని తప్ప మరొకటి దొరకలేదు. 1892లో ఎబెన్ పియర్స్ అనే వృద్ధ నావికుడు ఆయనకొక ఓడ ఇస్తానన్నాడు. వెళ్ళి చూడగా మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌లో, పచ్చికబయలు మధ్య, ఊతకఱ్ఱల మీద నిలబెట్టిన ఒక జీర్ణనౌక! పేరు ‘స్ప్రే’, అనగా కెరటపు తుంపర. పరిహాసమనిపించినా స్లోకం గొడ్డలి చేతబట్టి, దగ్గరలోని ఓక్ చెట్టును నరికి పని మొదలుపెట్టాడు. పదమూడు నెలలు పట్టినది. ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. ఒక్కొక్క పాత పలకను తొలగించి కొత్తది వేస్తూ పోతే తుదకు మిగిలినది పాత పడవా, కొత్తదా అనే సంశయాన్ని తార్కికులకు వదలుదాం. ఆయన పాత పేరే ఉంచాడు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. ఇదే ఇక ఇల్లు.

1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుండి లంగరెత్తాడు. (లంగరు పారశీక పదం, ఉర్దూ, తెలుగు రెండూ దానిని తమదిగా చేసికొన్నవి.) కాలం తెలిపే ఖరీదైన యంత్రాన్ని బాగుచేయించుకొనే స్తోమత లేక ఒక్క డాలరుకు రేకు గడియారం కొన్నాడు. కొన్నాళ్ళకు దాని నిమిషాల ముల్లు ఊడినది. ఆగిపోయినప్పుడు దానిని నీటిలో ఉడకబెట్టి నడిపించాడు! చుక్కానిని త్రాళ్ళతో కట్టివేస్తే పడవ తన దారిన తాను పోయేది. ఆయన వండుకొనేవాడు, చదువుకొనేవాడు, నిద్రించేవాడు. రాత్రిపూట డెక్కుపై పడిన ఎగిరే చేపలు ఉదయపు ఆహారం.

1896 ఫిబ్రవరిలో దక్షిణ అమెరికా కొనన మెజెల్లన్ జలసంధిలో ప్రవేశించాడు. అక్కడ కొండలపైనుండి గాలి చెప్పకుండా విరుచుకుపడుతుంది. ఒకసారి పసిఫిక్‌లోకి వెళ్ళగానే తుపాను ఆయనను హార్న్ అగ్రం వైపు నెట్టినది. చీకటిలో తెల్లని నురుగుల నడుమ రాళ్ళ గుంపును దాటి, మరల అదే జలసంధిలో తేలాడు. పలుమార్లు విఫలుడై ఏప్రిల్ 13న గాని బయటపడలేదు. స్థానికుల వలన భయముండుటచే, పుంటా అరీనాస్‌లో సాంబ్లిచ్ అనే నావికుడు ఇచ్చిన తివాచీ మేకులను నిద్రించే ముందు డెక్కుపై చల్లేవాడు. ఒక రాత్రి చెప్పులు లేని పాదాలు ఆ మేకులపై పడి కేకలు చెలరేగినవి. పాఠకులు నవ్వే ఘట్టమిది. కాని ఆ జలాలలో యామనా, కావెస్కర్ కుటుంబాలు తరతరాలుగా చెట్టుబెరడు దోనెలలో నిప్పు ఆరనీయకుండా జీవించేవి. దోనెయే వారికీ ఇల్లు. కొత్తగా వచ్చినవారి వ్యాధులు, తుపాకులు వారిని నశింపజేస్తున్న కాలమది. స్లోకం గ్రంథంలో వారి పక్షం వినిపించదు, మనం గుర్తుంచుకోవాలి.

తరువాతి మజిలీలు సమోవా, ఆస్ట్రేలియా. థర్స్‌డే దీవి నుండి హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులకు 2,700 మైళ్ళు 23 రోజులలో దాటాడు. అన్ని రోజులలో ఆయన చుక్కాని పట్టినది మూడు గంటలైనా లేదు. మలయా ముస్లిములు నివసించే ఆ దీవులలో నెలకు పైగా ఆగాడు. ఆఫ్రికా కొనను చుట్టి, 46,000 మైళ్ళు పూర్తిచేసి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. 1900లో వెలువడిన ఆయన యాత్రా గ్రంథం ఆంగ్ల వచనంలో నేటికీ ఆదరణీయం. పదేండ్లకే బడి మానినవాని రచన అది!

గ్రంథం వలన వచ్చిన ధనంతో 1902లో మార్తాస్ వినియార్డ్ దీవిలో పొలం, ఇల్లు కొన్నాడు. నేలపై ఆయనకు నిద్రపట్టలేదనుకోవాలి. శీతాకాలం వచ్చిందంటే స్ప్రేతో వెస్టిండీస్‌కు పోయి, గవ్వలు తెచ్చి అమ్ముకొనేవాడు. పడవ మరల శిథిలమైనది, ఆయనా వృద్ధుడైనాడు. ఓరినోకో నది లోపలి ప్రాంతాలను చూడాలని 1909లో బయలుదేరాడని చెబుతారు. జీవితమంతా సముద్రంపై గడిపిన ఆ మనిషికి ఈత రాదు. ఆయన జాడ గాని, స్ప్రే పలక ఒక్కటి గాని దొరకలేదు. 1924లో న్యాయస్థానం ఆయన మరణించినట్లు ప్రకటించినది.