ఊరు కదిలించిన రామదండు: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ముందు నుంచి మనలో చాలామంది వెళ్లే ఉంటాం. ఆ ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారే. స్కూల్లో ఆయన గురించి రెండు లైన్లు చదువుకుని వదిలేశాం. ఈ ఏడాది సంచికలో ఆయన గురించి రాద్దామని మేము అనుకోవడానికి ఒక కారణం ఉంది. 1921లో ఆయన మాట మీద 13 వేల మందికి పైగా జనం సొంత ఇళ్లు వదిలి ఊరి బయట పాకల్లో 11 నెలలు ఉన్నారు. కన్‌స్ట్రక్షన్ పనిలో, క్యాంపుల్లో బతికే మనకి ఆ పని ఎంత కష్టమో ఇంకెవరికన్నా బాగా తెలుస్తుంది.

ఆయన 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి చనిపోయింది, మూడేళ్లు వచ్చేసరికి తండ్రి కూడా పోయారు. బంధువుల చేతుల మీద పెరిగారు. చదువు అయ్యాక బాపట్ల తాలూకా ఆఫీసులో కొన్నాళ్లు పనిచేశారు. తర్వాత స్నేహితుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి ఓడెక్కి స్కాట్లాండ్ వెళ్లి, ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఎం.ఏ. చదివారు. అంటే పరాయి దేశంలో, పరాయి భాష మధ్య, ఇంటి నుంచి వచ్చే ఉత్తరం కోసం ఎదురుచూడటం ఆయనకీ తెలిసిన సంగతే. అక్కడ ఉన్న రోజుల్లోనే ఆనంద కుమారస్వామి గారితో పరిచయమైంది. ఇద్దరూ కలిసి నాట్యశాస్త్రానికి సంబంధించిన అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ పుస్తకం 1917లో అమెరికాలో అచ్చయింది.

అంత చదువుకున్న మనిషి తలుచుకుంటే పెద్ద ఉద్యోగంలో కూర్చోవచ్చు. తిరిగొచ్చాక రాజమండ్రిలో, తర్వాత బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు కానీ, ఎక్కడా ఎక్కువ కాలం ఉండలేదు. చివరికి చీరాల చేరి అక్కడి జనంలో కలిసిపోయారు. ఆయనకి మంచి గొంతు ఉండేది, పద్యం పాడితే జనం కదలకుండా వినేవారు. చమత్కారంగా మాట్లాడటంలో ఆయన తర్వాతే ఎవరైనా.

చీరాలలో ఆయన వాలంటీర్ల దళం ఒకటి తయారుచేసి, దానికి రామదండు అని పేరు పెట్టారు. సుమారు వెయ్యి మంది చేరారు. కాషాయం బట్టలు, మెడలో రుద్రాక్షలు వాళ్ల యూనిఫాం. లంకకి వారధి కట్టిన వానరసేనలా జీతం లేకుండా పనిచేయాలన్నది ఆ పేరులోని భావం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. గాంధీ గారిని చూడటానికి ఊళ్లకు ఊళ్లే తరలివచ్చాయి. అంత జనాన్ని తొక్కిసలాట లేకుండా నడిపించే పని రామదండు చూసుకుంది. పండగ రోజు క్యాంపు మెస్ దగ్గర లైను పట్టుకున్న ప్రతి తమ్ముడికీ అది ఎలాంటి పనో తెలుసు.

ఇక అసలు గొడవ పన్ను దగ్గర వచ్చింది. చీరాల, పేరాల, పక్కనున్న మరికొన్ని పేటలు కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. అప్పటిదాకా ఏడాదికి సుమారు 4 వేల రూపాయలుగా ఉన్న పన్ను 40 వేలకి చేరింది. ఊళ్లో ఉన్నది సుమారు 15 వేల మంది. వాళ్లలో నేతపని వాళ్లే ఎక్కువ. మగ్గం ఆగితే పొయ్యి ఆగే ఇళ్లు. మున్సిపాలిటీ వద్దని అర్జీలు పెట్టుకున్నారు, ప్రభుత్వం ఒప్పుకోలేదు. పన్ను కట్టం అన్నవాళ్లని జైలుకి పంపారు. వాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉంది.

బెజవాడ సమావేశం అయ్యాక గాంధీ గారు చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, శాంతిగా పన్ను కట్టకుండా ఉండటం. రెండోది, మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. ఏది చేసినా మీ సొంత బలం మీదే చేయాలని కూడా చెప్పారు. ఊరివాళ్లు రెండో దారి పట్టారు. ఊళ్లో మనుషులే లేకపోతే మున్సిపాలిటీ ఎవరి దగ్గర పన్ను వసూలు చేస్తుంది?

అలా మండుటెండల్లో ఊరు కదిలింది. హద్దు బయట పాకలు, పందిళ్లు వేసుకుని ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. మాలో సైట్ పని చూసేవాళ్లం ఇది చదివి లెక్కలు వేసుకున్నాం. 300 మందికి క్యాంపు వేయాలంటేనే ముందు నీళ్లు, తర్వాత వంట, తర్వాత దొడ్లు చూడాలి. జ్వరం వచ్చినవాళ్లని పడుకోబెట్టడానికి వేరే చోటు ఉండాలి. అక్కడ 13 వేల మంది. ముసలివాళ్లు, బాలింతలు, చంటిపిల్లలు, గొడ్డూ గోదా అందరూ ఉన్నారు. లారీ లేదు, జేసీబీ లేదు. ఉన్నది చేతులే.

రామనగర్‌లో కాపలా, ఎవరికి ఏం కావాలో చూసుకోవడం రామదండు పని. ఒక్కో వర్గం నుంచి మనుషుల్ని ఎన్నుకుని సభ పెట్టుకున్నారు. తగాదాలు వస్తే కోర్టుకి పోకుండా అక్కడే పంచాయతీ చేసుకునేవారు. గోపాలకృష్ణయ్య గారి ఉపన్యాసాలు జనాన్ని ఊరు దాటించి ఉండవచ్చు. 11 నెలలు నిలబెట్టింది మాత్రం రోజూ పొద్దున లేచి తన వంతు పని చేసిన పేరు తెలియని మనుషులే అని మా నమ్మకం.

అయితే తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. ఉపన్యాసాలు ఇవ్వకూడదని ప్రభుత్వం ఆయన మీద నిషేధం పెట్టింది. బరంపురం వెళ్లినప్పుడు అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకి పంపారు. ఆయన వెళ్లాక రామనగర్‌కి ఆధారం పోయింది. చేతిలో డబ్బు లేదు, పాకల్లో వానలు, చలి, రోగాలు. చివరికి జనం ఒక్కొక్కరే పాత ఇళ్లకి తిరిగి వెళ్లారు. మున్సిపాలిటీ ఉండిపోయింది.

జైలు నుంచి వచ్చాక కూడా ఆయన ప్రజల పని మానలేదు. సొంతానికి ఏమీ మిగుల్చుకోలేదు. క్షయ పట్టుకుంది, చేతిలో డబ్బు లేదు. 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లు. ఇది రాసే మాలో చాలామందిది ఇంచుమించు అదే వయసు.

మన వేదిక ఉద్యమాలు చేసేది కాదు. ఈ దేశంలో చట్టాలు వేరు, వాటికి లోబడే మనం ఉండాలి. మనం చేసేది ఆస్పత్రిలో ఉన్న తమ్ముడికి తోడుగా కూర్చోవడం, చదువు రానివాళ్లకి ఫారాలు నింపడం, చనిపోయినవాళ్లని ఊరు చేర్చే కాగితాల కోసం తిరగడం. రామదండు చేసింది కూడా ఈ రకం పనే.

రామనగర్ ఆఖరి రోజుల నుంచి కూడా మనం ఒకటి నేర్చుకోవాలి. ఎంత గొప్ప మనిషైనా, భారమంతా ఆయన ఒక్కడి మీదే ఉంటే ఆయన లేని రోజున పని ఆగిపోతుంది. మన దగ్గర జైలు అక్కర్లేదు, వీసా అయిపోతే చాలు. అంబులెన్స్ నంబరు, ఎంబసీలో ఎవరిని కలవాలి, ఏ కాగితం ముందు కావాలి, ఇవన్నీ ఒక్క అన్న ఫోన్లోనే ఉంటే, ఆ అన్న ఫ్లైటెక్కిన రాత్రి మనం ఎవరిని లేపుతాం?

అందుకే అన్నలూ, తమ్ముళ్లూ, ఈ ఏడాది ప్రతి క్యాంపు నుంచి ఒకరు కాదు, ముగ్గురు పేర్లు ఇవ్వండి. పెద్ద చదువు అక్కర్లేదు. శుక్రవారం రెండు గంటలు ఖాళీ ఉంటే చాలు. నంబర్లు పుస్తకంలో రాసి రూములో గోడకి కట్టండి. తెలిసినవాళ్లు కొత్తవాళ్లని వెంటబెట్టుకుని ఒకసారి ఆస్పత్రికి, ఒకసారి ఎంబసీకి తీసుకెళ్లి పని చూపించండి. గోపాలకృష్ణయ్య గారిని గౌరవించడానికి దండ వేయనక్కర్లేదు. ఆయన దండులో ఒక మనిషి చేసిన పని మనం చేస్తే సరిపోతుంది.