ఒంటికాలి పరుగు: టెర్రీ ఫాక్స్

మాది కొవ్వూరు దగ్గర వరి పండించుకునే కుటుంబం. మా ఇళ్ళల్లో కాన్సర్ అనే మాట ఎవరూ పైకి అనరు. మా బాబాయికి వచ్చినప్పుడు ఊళ్ళోవాళ్ళకి కాదు సరికదా, ఆయనకే చాలారోజులు చెప్పలేదు. దాళ్వా కోతలప్పుడు బాబాయి పోయాడు. అడిగినవాళ్ళందరికీ కడుపునొప్పనే చెప్పాం. ఆ తర్వాత టెర్రీ ఫాక్స్ జీవితం చదివాను. అందుకే ఈ నాలుగు మాటలు.

టెర్రీ 1958 జూలై 28న కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టాడు. తండ్రి రోలీ రైల్వే ఉద్యోగి, తల్లి బెట్టీ. నలుగురు పిల్లల్లో ఇతడు రెండోవాడు. పొట్టివాడైనా పట్టుబట్టి బాస్కెట్‌బాల్ నేర్చి, సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం జట్టులో చోటు సంపాదించాడు. వ్యాయామోపాధ్యాయుడు కావాలని అతని కోరిక. 1977లో కుడి మోకాలి నొప్పి ఎముక కాన్సరని తేలింది. మోకాలి పైకి కాలు తీసేశారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు!

ఆస్పత్రిలో తన కష్టంకంటే పక్క మంచాల మీది పసిపిల్లల బాధే అతన్ని ఎక్కువ కలచివేసింది. తనలాంటి రోగులు బతికే అవకాశం కొద్ది ఏళ్ళలోనే పెరిగిందనీ, అది పరిశోధన చలవేననీ తెలుసుకున్నాడు. పరిశోధనకు డబ్బు కావాలి. దేశం ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెత్తి చందా పోగుచేస్తానన్నాడు. తల్లి ససేమిరా అంది. తండ్రి మాత్రం ఎప్పుడు బయలుదేరతావని అడిగాడు. తరువాత తల్లీ సరేనంది.

1980 ఏప్రిల్ 12న సెంట్ జాన్స్‌లో కృత్రిమ కాలును అట్లాంటిక్ నీళ్ళలో తడిపి బయలుదేరాడు. రోజుకు సుమారు 42 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు కొవ్వూరు నుంచి తాడేపల్లిగూడెం! మర్నాడు మళ్ళీ అంతే. ఆనాటి కృత్రిమ కాలు మళ్ళీ అడుగుకు సిద్ధమయ్యేలోగా మంచికాలి మీద రెండుసార్లు గెంతవలసి వచ్చేది. మోడు పుండ్లు పడి నెత్తురు కారేది. స్నేహితుడు డగ్ వ్యాను నడిపేవాడు. అలసటతో ఇద్దరికీ మాటలు పడని రోజుల్లో పదిహేడేళ్ళ తమ్ముడు డారెల్ వచ్చి చేరి ఇద్దర్నీ కలిపాడు.

ఒక్క విషయం దాచకూడదు. దారిలో టెర్రీ డాక్టరు పరీక్షలు మానేశాడు. అది నేను మెచ్చుకోలేను. సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర దగ్గు, గుండెల్లో నొప్పి అతన్ని ఆపేశాయి. కాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు! పత్రికలవాళ్ళ ముందు కన్నీళ్ళతోనే ఉన్నమాట చెప్పాడు. మనిషికో డాలరు రావాలని ఆశించాడు. 1981 ఫిబ్రవరికి దేశ జనాభాకు సరిపడా 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటాయి. ఆ జూన్ 28న, ఇరవై మూడేళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. దేశమంతా జెండాలు అవనతం చేశారు.

దేశం ఏడ్చి ఊరుకోలేదు. ఆ సెప్టెంబరు 13న మూడు లక్షలమంది అతని పేర పరుగెత్తారు. అందులో గెలుపూ ఓటమీ లేవు, కంపెనీల ప్రకటనలు లేవు. అప్పుడు వద్దన్న తల్లే 2011లో చనిపోయేదాకా బడి బడికీ తిరిగి కొడుకు కథ చెప్పింది. తమ్ముడు ఆ పనినే జీవితం చేసుకున్నాడు. ఆ పరుగు మన చెన్నైలోనూ జరిగింది. ఇప్పటికి ప్రపంచమంతటా కలిసి 80 కోట్ల డాలర్లకు పైగా పోగయ్యాయి.

మిత్రులారా, ఆ కుటుంబం తన దుఃఖాన్ని వాకిట్లో పెట్టింది. మేం మాదాన్ని గదిలో పెట్టి తలుపేసుకున్నాం. బాబాయికి నిజం చెప్పి ఉంటే ఏం కోరేవాడో మాకిక తెలియదు.

నాన్నకి నోట్లో పుండు మూడు నెలలుగా మానడంలేదు. కోతలయ్యాక చూద్దామన్నాడు. ఈ వ్యాసం రాస్తూ రాస్తూ ఆపి, జబ్బు పేరు పెట్టే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఇద్దరం వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి డాక్టరుకి చూపించాం. రిపోర్టు ఇంకా రాలేదు. ఏదొచ్చినా ఈసారి మా ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

— ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి