చార్లెస్ హెన్రీ టర్నర్

చార్లెస్ హెన్రీ టర్నర్ (ఫిబ్రవరి 3, 1867 - ఫిబ్రవరి 14, 1923) అమెరికాకు చెందిన జంతుశాస్త్రవేత్త, జంతు ప్రవర్తనా పరిశోధకుడు. చీమలు, తేనెటీగలు గూటికి తిరిగి వచ్చేటపుడు కంటికి కనిపించే ఆనవాళ్ళను, వెలుతురు వచ్చే దిక్కును గుర్తుంచుకొని దారి తెలుసుకుంటాయని ప్రయోగపూర్వకంగా చూపిన తొలితరం శాస్త్రజ్ఞులలో ఈయన ముఖ్యుడు. నల్లజాతివారికి పెద్ద విశ్వవిద్యాలయాల కొలువులు దాదాపు మూతపడి ఉన్న కాలంలో జీవించిన టర్నర్, తన ఉత్తమ పరిశోధనలలో చాలావాటిని ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిగా ఉంటూనే చేశాడు.

బాల్యము, విద్యాభ్యాసము

టర్నర్ ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో జన్మించాడు. తండ్రి థామస్ టర్నర్ ఒక చర్చిలో సంరక్షకుడిగా పనిచేసేవాడు. తల్లి ఆడీ క్యాంప్‌బెల్ కెంటకీ ప్రాంతీయురాలు, రోగులకు సేవలు చేసేది. ఉన్నత పాఠశాల చదువు ముగించి 1886లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో చేరిన టర్నర్, 1891లో పట్టభద్రుడై, 1892లో ఎమ్.ఎస్. పట్టా పొందాడు. అక్కడ ఈయన గురువు క్లారెన్స్ లూథర్ హెరిక్. మెదడు నిర్మాణాన్ని జంతుజాతుల మధ్య పోల్చి చూసే అధ్యయనానికి ప్రత్యేకంగా ఒక పత్రికను స్థాపించినవాడు ఆయనే. పక్షుల మెదడు నిర్మాణంపై టర్నర్ వ్రాసిన విపులమైన వ్యాసం 1891లో ఆ పత్రిక తొలి సంపుటంలోనే వెలువడింది. అంటే ఈయన ముందు మెదడును కోసి చూసి, ఆ తరువాతనే ప్రవర్తన వైపు మళ్ళాడు. ఆ శిక్షణ ఈయన తరువాతి పనిలో స్పష్టంగా కనిపిస్తుంది.

1893 నుండి 1905 వరకు అట్లాంటాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. మొదటి భార్య లియోంటీన్ ట్రాయ్ 1895లో మరణించింది. తరువాత లిలియన్ పోర్టర్‌ను వివాహమాడాడు. ఒక కుమారునికి డార్విన్ రోమానెస్ అని పేరు పెట్టుకున్నాడు. చార్లెస్ డార్విన్, జంతువుల బుద్ధిని అధ్యయనం చేసిన జార్జ్ రోమానెస్ - ఈ ఇద్దరి పేర్లూ అందులో ఉన్నాయి.

చీమల ఇంటిదారి

చీమ గూటికి ఎలా చేరుతుందన్నది ఆనాటి పెద్ద వివాదం. చీమలు కేవలం ప్రతిచర్యలతో నడిచే యంత్రాలని, వాసన బాట వాటిని లాక్కుపోతుందని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్బ్రెక్ట్ బేటె 1898లో వాదించాడు. వెలుతురు, వేడి వంటివి జీవిని ఒక వైపుకు తిప్పుతాయే తప్ప జీవికి నేర్చుకొనే పని లేదన్న జాక్ లోబ్ సిద్ధాంతానికి కూడా అప్పట్లో మంచి ఆదరణ ఉండేది. మరికొందరు ఏ వివరణా ఇవ్వకుండా దిక్కు తెలిపే ఒక వింత ఇంద్రియం ఉందని సరిపెట్టుకునేవారు.

టర్నర్ ఈ ప్రశ్నను చాలా తక్కువ ఖర్చుతో కూడిన పరికరాలతో పరీక్షించాడు. ఎత్తుగా అట్టతో ఒక వేదిక అమర్చి, దానినుండి గూటికి దిగడానికి వాలు బాటలు పెట్టాడు. వేదికపై ఉంచిన ప్యూపాలను చీమలు నోట కరచుకొని కిందికి మోసుకుపోయేవి. చీమలు ఒక బాటకు అలవాటుపడ్డాక బాటలను అటూ ఇటూ మార్చితే, వాసన అంటిన బాట రెండో వైపుకు పోయినా చీమలు పాత వైపునే దిగాయి. దీపాన్ని ఒక వైపునుండి రెండో వైపుకు జరిపినపుడు మాత్రం వాటి దారి చెదిరింది. కనుక వాసన ఒక్కటే దారి చూపడం లేదు, వెలుతురు దిక్కు ముఖ్యమైన గుర్తు. అయితే టర్నర్ అక్కడితో ఆగలేదు. చీమ ఒకే ఇంద్రియానికి బానిస కాదని, అనుభవంతో నేర్చుకుంటుందని, ఒక్కొక్క చీమ తీరు ఒక్కొక్క విధంగా ఉంటుందని కూడా గమనించాడు. ఈ పరిశోధనకే చికాగో విశ్వవిద్యాలయం 1907లో డాక్టరేటు ఇచ్చింది.

గూటి దగ్గరకు వచ్చిన చీమ ద్వారం కోసం చుట్టూ వలయంగా తిరగడాన్ని ఫ్రెంచి పరిశోధకుడు విక్టర్ కోర్నెట్జ్ ఈయన పేరుతోనే టర్నర్ చుట్టుగా పేర్కొన్నాడు.

సీసా మూత ప్రయోగం

నారాయణఖేడ్ వంటి ఊళ్ళలో పాత ఇంటి గోడపై గూడు కట్టే కుమ్మరి పురుగు, ఎన్నిమార్లు మట్టికి పోయినా సరిగా అదే గూటికి తిరిగి రావడం చూసినవారికి టర్నర్ 1908 నాటి ప్రశ్న సులభంగా అర్థమవుతుంది. నేలలో బొరియ తవ్వుకొనే ఒంటరి తేనెటీగలను ఈయన పరిశీలించాడు. ఒక బొరియ పక్కన కోకాకోలా సీసా మూత పడి ఉంది. ఆ మూతను తీసి మరో రంధ్రం వద్ద ఉంచితే, తిరిగి వచ్చిన ఈగ తన అసలు బొరియను వదలి మూత ఉన్న చోటికి పోయింది. గూటి పరిసరాలను ఈగ చూసి జ్ఞాపకం పెట్టుకుంటుందని టర్నర్ తేల్చాడు. కందిరీగ గూటి చుట్టూ దేవదారు కాయలు పేర్చి, వాటిని జరిపి నికో టింబర్జెన్ చేసిన ప్రఖ్యాత ప్రయోగం 1930ల నాటిది. పాఠ్యపుస్తకాలలో సాధారణంగా టింబర్జెన్ పేరే కనిపిస్తుంది.

సమ్నర్ ఉన్నత పాఠశాల

1908లో టర్నర్ సెయింట్ లూయిస్ నగరంలో నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే సమ్నర్ ఉన్నత పాఠశాలలో చేరి, 1922 వరకు పనిచేశాడు. అక్కడ పరిశోధనాశాల గాని, పరిశోధక విద్యార్థులు గాని లేరు. తరగతులు ముగిశాక, సెలవుల్లోనే ప్రయోగాలు. అయినా తేనెటీగలు రంగులను (1910), ఆకృతులను (1911) గుర్తించగలవని ఓ'ఫాలన్ పార్కులో రంగు బిళ్ళలు, పెట్టెలు అమర్చి చూపాడు. రంగునూ వెలుగు తీవ్రతనూ పూర్తిగా విడదీసి చూపడం మాత్రం 1914లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ బూడిదరంగు అట్టలతో చేసిన ప్రయోగాలతోనే సాధ్యమయింది. బొద్దింకలు చిక్కుదారులను నేర్చుకోవడం, చిమ్మటల వినికిడి కూడా టర్నర్ పరిశోధించాడు. మొత్తం 70కి పైగా వ్యాసాలు ప్రచురించాడు. నల్లజాతివారి విద్య గురించి కూడా వ్రాశాడు, నగరంలో సంఘసేవా కార్యక్రమాలలో పాల్గొన్నాడు.

తరువాతి కాలంలో

టర్నర్ జరిపిన దీపం, సీసా మూత వెనుక ఉన్న పద్ధతి - ఆనవాలును కదిల్చి, జంతువు దానితోపాటు కదులుతుందో లేదో చూడడం - మెదడు పరిశోధనలో ప్రధాన సాధనమయింది. ఎలుక తల ఒక నిర్ణీత దిక్కుకు తిరిగినపుడే చురుకయ్యే నాడీకణాలను జేమ్స్ రాంక్ 1984లో గుర్తించాడు. గుండ్రటి గదిలో గోడకు అంటించిన తెల్లని అట్టను తిప్పితే ఆ కణాలు సూచించే దిక్కు కూడా దాదాపు అంతే తిరుగుతుందని 1990లో టౌబె, ముల్లర్, రాంక్ చూపారు. చీకటిలోనూ ఆ కణాలు కొంతసేపు పనిచేస్తాయి, కాని చూపు ఆనవాలు లేకుంటే క్రమంగా తప్పు చేరుతుంది. పండ్ల ఈగ మెదడు నడిబొడ్డున ఇటువంటి దిక్సూచి ఉందని, అది కూడా కంటి ఆనవాళ్ళతో సరిచేసుకుంటుందని 2015లో సీలిగ్, వివేక్ జయరామన్ ప్రకటించారు. దృశ్య జ్ఞాపకాలు చీమ మెదడులోని పుట్టగొడుగు ఆకారపు భాగాలలో నిలుస్తాయని 2020లో వెలువడిన ప్రయోగాలు తెలుపుతున్నాయి.

మరణం

అనారోగ్యంతో 1922లో ఉద్యోగం విరమించిన టర్నర్, చికాగోలో కుమారుని ఇంట 1923 ఫిబ్రవరి 14న గుండెజబ్బుతో మరణించాడు. 1925లో సెయింట్ లూయిస్‌లో వికలాంగ బాలల కోసం నెలకొల్పిన పాఠశాలకు ఈయన పేరు పెట్టారు.