గుండు వేగమును కొలిచిన బెంజమిన్ రాబిన్స్

శ్రీముఖలింగం మొదలు బొబ్బిలి వరకు గల సీమలో బొబ్బిలి యుద్ధగాథ ఎరుగనివారు అరుదు. 1757 జనవరిలో ఆ కోటను ముట్టడించిన ఫ్రెంచి ఫిరంగుల మ్రోత ఆ గాథలో నేటికిని వినిపించును. తుపాకి గురి యేల తప్పునో, ఎట్లు నిలుచునో ప్రయోగపూర్వకముగా తేల్చిన శాస్త్రజ్ఞుడు అంతకు కొన్నియేండ్ల ముందే మన తూర్పుతీరమున కన్నుమూసెను. ఆయనయే బెంజమిన్ రాబిన్స్.

రాబిన్స్ 1707లో ఇంగ్లండులోని బాత్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు పేదలు, యుద్ధమును పాపముగా నెంచు క్వేకరు మతస్థులు. గణితమును చాలవరకు స్వయంకృషిచే అభ్యసించి, 1727లో, ఇరువదియేండ్ల ప్రాయముననే, రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

ఆ కాలమున ఫిరంగులవారు గాలి గుండును అంతగా అడ్డగింపదని నమ్మెడివారు. ఎంత తుపాకిమందుకు ఎంత వేగము కలుగునో చెప్పగలవారు లేరు. రాబిన్స్ ఒక బరువైన కొయ్యదిమ్మను లోలకమువలె వ్రేలాడదీసి దానిపై గుండు పేల్చెను. దిమ్మ ఊగిన దూరమునుబట్టి, రెండింటి బరువులనుబట్టి, గుండు వేగమును గణించెను. తుపాకిగుండు సెకనుకు సుమారు 1,700 అడుగుల వేగముతో పోవుననియు, గాలి నిరోధము గుండు బరువునకు ఎన్నో రెట్లుండుననియు తేలెను. ఈ ఫలితములను 1742లో గ్రంథముగా ప్రకటించెను. మహాగణితజ్ఞుడు ఆయిలర్ 1745లో దానిని వ్యాఖ్యానముతో జర్మను భాషలోనికి అనువదించెను. 1746లో రాబిన్సుకు కాప్లీ పతకము లభించెను.

వేగము తెలిసినను గురి సమస్య తీరలేదు. రాబిన్స్ ఒక తుపాకిగొట్టపు కొనను ఎడమకు వంచి, వరుసగా కట్టిన పలుచని కాగితపు తెరలగుండ పేల్చెను. గుండు మొదట ఎడమకు పోయి, పిదప కుడికి మరలెను. గొట్టపు కుడిగోడను ఒరసికొనుటచే కలిగిన భ్రమణమే దీనికి హేతువు. గొట్టములో మెలితిరిగిన గాడులున్నచో గుండు తాను పోవు దిశయే ఇరుసుగా తిరిగి, తిన్నగా పోవును. అదియే రైఫిలు. దాని మర్మమెరిగి వాడుకొన్న జాతికి యుద్ధమున పైచేయి కలుగునని ఆయన 1747లోనే ఊహించెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆ ఊహ నిజమయ్యెను.

1749లో ఈస్టిండియా కంపెనీ ఆయనను తన కోటల నిర్మాణమునకు ప్రధాన ఇంజనీరుగా నియమించెను. 1750లో ఇచటికి వచ్చిన రాబిన్స్, 1751 జూలై 29న కడలూరు చెంత సెయింట్ డేవిడ్ కోటలో జ్వరముచే మరణించెను. అప్పటికాయన వయస్సు 44 ఏండ్లు. యుద్ధమును రోయు ఇంట పుట్టిన బిడ్డ పరదేశమున కోటగోడల నడుమ ఒరిగెను.

నేడు గురిపోటీలకై తూటాలను స్వయముగా నింపుకొనువారు మందును అణుమాత్రము తేడా లేకుండ తూచి, ప్రతి గుండు వేగమును విద్యుత్పరికరముతో కొలుతురు. కొయ్యలోలకము పోయినది, రాబిన్స్ చూపిన మార్గము మాత్రము నిలిచినది.