రుడాల్ఫ్ డీజిల్: ఆ తొలి ఇంజిన్‌కీ, మన ఛోటా హాథీకీ దాదాపు ఒకే హార్స్‌పవర్.. లాగుడులో మాత్రం 20 రెట్ల తేడా!

హైదరాబాద్ పాతబస్తీలో ఫలక్‌నుమా బ్రిడ్జి ఎక్కే లోడు బండ్లను ఎప్పుడైనా గమనించారా? ఛోటా హాథీ గేరు తగ్గించి, గట్టిగా అరుస్తూ ఎక్కుతుంది. పెద్ద లారీ మాత్రం తక్కువ చుట్లలోనే గుర్రుమంటూ లాగేస్తుంది. ఆ లాగుడు బలమే టార్క్. రెండు ఇంజిన్లకూ మూలపురుషుడు ఒక్కరే.. రుడాల్ఫ్ డీజిల్.

యుద్ధంతో మారిన బాల్యం
1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మన్లు. 1870లో ఫ్రాన్స్, జర్మనీ మధ్య యుద్ధం రావడంతో కుటుంబం లండన్ వెళ్లిపోయింది. 12 ఏళ్ల రుడాల్ఫ్‌ను చదువు కోసం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు పంపించేశారు. తర్వాత మ్యూనిక్‌లో ఇంజినీరింగ్ చదివారు. ఆవిరి యంత్రాలు బొగ్గులోని శక్తిని చాలావరకు వృథా చేస్తున్నాయని అక్కడే తెలిసింది. ఇక అదే ఆయన పట్టుదల అయింది.

స్పార్క్ ప్లగ్ లేని ఇంజిన్
గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడికే ఇంధనం అంటుకోవాలి. ఆయన ఐడియా ఇదే. 1892లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. 1893లో తొలి ప్రయోగంలోనే పేలుడు. తృటిలో ప్రాణాపాయం తప్పింది. అయినా వదల్లేదు.

1897 ఫిబ్రవరిలో సక్సెస్ అయింది. ఒకే సిలిండర్, దాదాపు 20 లీటర్ల కెపాసిటీ, మనిషి కంటే ఎత్తు. పవర్ మాత్రం 18 హార్స్‌పవర్ లోపే, అదీ నిమిషానికి 154 చుట్ల దగ్గర! లెక్కేస్తే టార్క్ సుమారు 800 న్యూటన్ మీటర్లు.

2005లో వచ్చిన టాటా ఏస్‌ది 702 సీసీ ఇంజిన్, 16 హార్స్‌పవర్. టార్క్ 40 లోపే. మరి పవర్ ఎలా సమానమైంది? పవర్ అంటే టార్క్‌ను స్పీడ్‌తో గుణించడమే. ఏస్ ఇంజిన్ నిమిషానికి 3,000కు పైగా చుట్లు తిరిగి ఆ లోటు పూడ్చుకుంటుంది. ఇక టాటా సిగ్నా 5530 ట్రైలర్ బండిలో 6.7 లీటర్ల ఇంజిన్ టర్బో సాయంతో 1,100 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అందుకే లారీ కొనేటప్పుడు హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే సరిపోదు. టార్క్ ఎంత, ఎన్ని చుట్ల దగ్గర వస్తుందో చూడాలి.

చూడకుండానే వెళ్లిపోయారు
పేరొచ్చింది, డబ్బొచ్చింది. కానీ పేటెంట్ గొడవలు, భూముల వ్యాపారంలో నష్టాలు ఆయన్ను అప్పుల్లో ముంచేశాయి. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్లే డ్రెస్డెన్ ఓడ నుంచి మాయమయ్యారు. కొన్ని రోజులకు సముద్రంలో శవం దొరికింది. ఆత్మహత్యా, ప్రమాదమా, ఇంకేమైనానా.. నేటికీ తేలలేదు. అప్పటికి ఆయన వయసు 55.

ఆయన ఇంజిన్‌లో ఇంధనాన్ని లోపలికి కొట్టడానికి పెద్ద ఎయిర్ కంప్రెషర్ కావాల్సి వచ్చేది. అది లారీలో పట్టదు. కంప్రెషర్ అక్కర్లేని ఇంజిన్లతో జర్మనీలో డీజిల్ లారీలు వచ్చింది 1920లలో. 1927లో బాష్ పంపు వచ్చాక ఎంత డీజిల్, ఎప్పుడు కొట్టాలో కచ్చితంగా సెట్ చేయడం తేలికైంది. ట్యూనింగ్ అంటే అదే.

పుల్లింగ్ కోసం డీజిల్ ఒక్కటే పెంచేస్తే? సరిపడా గాలి అందక నల్లపొగ వస్తుంది. వేడి పెరిగి పిస్టన్, టర్బో దెబ్బతింటాయి. ఇంధనం వృథా కాకూడదనే రుడాల్ఫ్ జీవితమంతా కష్టపడ్డారు. ఆ నల్లపొగలో పోయేది అదే ఇంధనం.. మీ జేబులోని డబ్బు!