కొమర్రాజు వేంకట లక్ష్మణరావు

కొమర్రాజు వేంకట లక్ష్మణరావు (మే 18, 1877 - జూలై 12, 1923) తెలుగు విజ్ఞాన సర్వస్వ నిర్మాణానికి పూనుకున్న చరిత్ర పరిశోధకుడు, ప్రచురణకర్త. జగ్గయ్యపేట సమీపాన, నాటి నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో (2022 నుండి ఎన్టీఆర్ జిల్లా) జన్మించాడు. బాల్యంలోనే తండ్రి మరణించగా నాగపూరులో అక్క బండారు అచ్చమాంబ ఇంట చదువుకున్నాడు. తరువాత మునగాల సంస్థాన దివాను అయ్యాడు.

1906లో మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర మండలి తొలి ప్రచురణ. 1908లో మండలి మద్రాసుకు తరలింది.

లక్ష్మణరావు పేరు నిలిపినది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. 1912-13 ప్రాంతంలో ప్రారంభమైన ఈ గ్రంథం ఆయన జీవితకాలంలో మూడు సంపుటాలే వెలువడింది. వర్ణమాలలో తొలి అక్షరాలు దాటలేదు. దివానుగిరి, శాసన పరిశోధన, ఇతర ప్రచురణల నడుమ ప్రధాన గ్రంథాన్ని ఉపేక్షించాడా అన్న సందేహం విద్యార్థులకు కలగడం సహజం. అది ఉపేక్ష అనడం న్యాయం కాదు. శాస్త్ర విషయాలకు పారిభాషిక పదాలు సైతం కొత్తగా కల్పించుకోవలసిన కాలమది. ఎన్నో వ్యాసాలు ఆయనే స్వయంగా వ్రాశాడు. మరాఠీలో కేత్కర్ జ్ఞానకోశం 1920 దశకంలో పూర్తికావడానికి వాటాదారుల సంస్థ అండ ఉంది. ఇక్కడ భారం ప్రధానంగా ఒక్కరిదే. అయితే అంత విస్తారమైన ప్రణాళిక వేసుకోవడం మాత్రం పొరపాటే అనిపిస్తుంది.

లక్ష్మణరావు 46వ ఏట మద్రాసులో మరణించాడు. కాశీనాథుని నాగేశ్వరరావు ఈ పనిని తిరిగి చేపట్టి కొన్ని సంపుటాలు వెలువరించాడు కాని, 1938లో ఆయన కూడా మరణించడంతో గ్రంథం అసంపూర్ణంగానే మిగిలింది.